గడప అవతల కోటు

ఎండలు మండిపోతుంటే మగవాడి ఉన్నికోటు వేసుకుని తిరిగే ఆడమనిషిని ఎవరైనా అనుమానిస్తారు. ఇక కనకదుర్గ సంగతి చెప్పాలా, పాలడబ్బా మీద తేదీని కూడా నమ్మని మనిషి.

ప్లెయిన్స్‌బరోలో ఆవిడ ఎదురు అపార్ట్‌మెంట్ అతియెనోది. కెన్యాలో లువో జాతి మనిషి, నర్సు. భర్త ఒదియాంబో దూరప్రాంతాలకి ట్రక్కు నడుపుతాడు. కనకదుర్గ ఆఫీస్ నుంచి వచ్చేదాకా ఆవిడ ఆరేళ్ళ కూతురు దియని చూసుకునేది అతియెనోనే. రోజూ వీళ్ళింట్లో కాఫీ తాగి వెళ్ళేది.

అలాంటిది మొన్నామధ్య తలుపు కొట్టి, ఏదో చెప్పాలంది. గడపకి అటొకరూ ఇటొకరూ నిలబడి మాట్లాడుకోవడం కనకదుర్గకి అస్సలు పనికిరాదు. లోపలికొచ్చి చెప్పమంది. అతియెనో రానని వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి ఒదియాంబో అజ లేదు. ఆయన కోటు మాత్రం పెళ్ళాం ఒంటిమీదే ఉంటోంది. నిప్పు లేనిదే పొగ రాదని కనకదుర్గ దియని పంపడం మానేసింది. మొగుణ్ణి ఏదో చేసేసిందని తేల్చేసి, పోలీసులకి కాల్ చేస్తానంది. భర్త రాధాకృష్ణ, మనకెందుకొచ్చిన గొడవ, అసలే వీసా బతుకులు అన్నాడు. ఆవిడ వింటేగా.

శనివారం పొద్దున ఫోను చేతిలోకి తీసుకుంది కూడా. ఇంతలో బయట ఏడుపులు వినబడి తలుపు తీసింది. మెట్ల మీద అదే కోటులో అతియెనో కూర్చుని ఉంది. ఏడుపులు ఆమె ఫోన్లోంచి వస్తున్నాయి.

మీ ఆయన ఏడీ అని కనకదుర్గ గడపలోంచే నిలదీసింది. అతియెనో ఫోను ఇటు తిప్పింది. రేకుల ఇల్లు, దాని కుడిపక్కన ఎర్రమట్టి గొయ్యి, అందులోకి పెట్టె దింపుతున్నారు.

అర్కాన్సాలో బండి నడుపుతుండగానే గుండె ఆగిపోయిందట. వాళ్ళలో మగవాణ్ణి తను కట్టుకున్న ఇంటి పక్కనే పూడ్చాలి. అందుకని శవాన్ని ఊరికి పంపింది. తను వెళ్తే మళ్ళీ రానివ్వరు, పేపర్లు పెండింగ్‌లో ఉన్నాయి.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెప్పడానికే వచ్చాను. భర్త పోయినదాన్ని, శుద్ధి జరిగేదాకా ఇంకొకరి గడప తొక్కకూడదు. ఆయన కోటు విప్పకూడదు. లోపలికొస్తేనే వింటానన్నావు నువ్వు."

కనకదుర్గ మైలంటే తెలియని మనిషా? అత్తగారు పోయినప్పుడు ఏడాదంతా గుడి మెట్లెక్కలేదు. సిగ్గుతో చచ్చిపోయింది.

గడప దాటి వెళ్ళి పక్కన కూర్చుంది. మట్టి కప్పడం పూర్తయ్యేదాకా ఆ కోటు చెయ్యి వదల్లేదు.

లేచి ఇంట్లోకి వస్తుంటే దియ ఎదురు పరిగెత్తింది.

"ముట్టుకోకు అమ్మలూ," అంది కనకదుర్గ. "చావింటి నుంచి వస్తున్నాను, స్నానం చెయ్యాలి."