జున్ననుకుని తెచ్చారు నన్ను

నేను ఒక చీజ్ దిమ్మను. పాలు విరిచి, ఉప్పు దట్టించి, కరిగించి, అచ్చులో పోసి, వెండి కాగితం చుట్టి నన్ను తయారుచేశారు. పిజ్జాల మీద కరగడానికే పుట్టానని ఫ్యాక్టరీలో అందరూ అంటుంటే నిజమే కాబోలనుకున్నాను. నా నెత్తిన బెల్లం, మిరియాల పొడి పడతాయని కలలో కూడా అనుకోలేదండీ.

తెనాలిలో ఒక కొట్టు ఫ్రిజ్‌లో చాలాకాలం పడి ఉన్నాను. గడువు దగ్గరపడేసరికి సగం ధరకి దించి, పక్కన ఒక అట్ట పెట్టారు. దాని మీద ఏం రాశారో తెలుసా? ‘జున్ను’ అని! చీజ్‌ని తెలుగులో ఏమంటారో ఏ మహానుభావుణ్ణి అడిగారో గానీ నా పేరే మార్చేశారు. నిర్ఘాంతపోయాను.

సరిగ్గా అప్పుడే రవిశేఖర్ వచ్చాడు. అతని భార్య హైమకి మూడో నెల. వేవిళ్లతో మంచినీళ్లు కూడా కడుపులో నిలవక మనిషి సగమైపోయింది. ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చాలని డాక్టరమ్మ చెప్పేసింది. అలాంటి పిల్ల ఆ పొద్దున నోరు తెరిచి జున్ను తినాలనుందని అడిగిందట. తెలిసినవాళ్లలో ఎవరి గేదే ఈనలేదు. అట్ట చూడగానే అతను ఇంకేమీ ఆలోచించకుండా నన్ను చంకన పెట్టుకున్నాడు.

ఇంట్లో అతని తల్లి సీతారావమ్మ నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇదేంట్రా, ఇటికరాయిలా ఉంది?”

“ప్యాకెట్ జున్నమ్మా. ఇలాగే ఉంటదంట.”

పాపం, నమ్మింది. నన్ను సగం తురిమి, బెల్లం, మిరియాలు, ఏలకులు వేసి ఇడ్లీపాత్రలో ఆవిరికి పెట్టింది. ఒళ్లంతా ఉప్పుతో పుట్టినదాన్ని, బెల్లప్పాకంలో మునిగాను. నా గతి ఏమని చెప్పను!

హైమ ఆశగా ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. నేను ఆమె పెదవుల నుంచి గిన్నె దాకా తీగలా సాగాను. ఆమె కళ్లు పెద్దవి చేసి నన్ను చూసింది. నేనూ ఆమెను అలాగే చూశాను. మరుక్షణం ఆమె వాష్‌బేసిన్ దగ్గరికి పరుగెత్తింది. సీతారావమ్మ రుచి చూసి మొహం మాడ్చుకుంది.

“జున్నులో ఉప్పేసిందెవర్రా?”

పారేస్తారనుకున్నాను. కానీ తిండి పారేయడం ఆవిడ ఒంట్లోనే లేదు. బెల్లం కలిసిన భాగాన్ని గోధుమపిండిలో కలిపి రొట్టెలు చేసింది. మిగిలినదాన్ని అట్ల మీద చల్లింది, ఉప్మాలో కలిపింది, మిరపకాయ బజ్జీల పొట్టలో కూరింది. టమాటా పప్పులో వేసిన రోజైతే రవిశేఖర్ గరిటె ఎత్తేసరికి గిన్నె కూడా వెంట లేచింది. ఈ ఘోరాలన్నీ తల్లీకొడుకులు లొట్టలేసుకుంటూ తిన్నారు, రెండోసారి వడ్డించుకుని మరీ.

హైమ మాత్రం పోపు వాసనకే తలుపు వేసుకునేది. నాలో ఒక్క తురుమూ వృథా కాలేదు గానీ ఆ పిల్ల చిక్కిపోతూనే ఉంది. మర్నాడు ఆసుపత్రికి బయల్దేరాలని బట్టలు సర్దారు.

“నిన్నెన్ని రకాలుగా వండితే ఏం లాభం? పిల్ల నోట్లోకి ఒక్క ముద్దా పోవట్లేదు,” అంది సీతారావమ్మ నాతోనే, పొయ్యి ముందు నిలబడి కళ్లు తుడుచుకుంటూ. ఆవిడ ఏడుస్తుంటే నాకు చాలా బాధేసింది.

అప్పటికి నేను ఎండిపోయిన ఒక్క అంచు ముక్కగా మిగిలాను. దాన్నీ పారేయలేక వేడి పెనం మీద వేసింది. ఇక అయిపోయాననుకున్నాను. బుడగలు తేలాను, ఎర్రగా కాలాను, అప్పడంలా కరకరలాడేలా తయారయ్యాను. నేనిలా కాగలనని నాకే తెలియదు.

తలుపు తెరుచుకుంది.

“ఏం వేయిస్తున్నారత్తయ్యా?”

“ఆ దిక్కుమాలిన జున్నేనమ్మా.”

హైమ వచ్చి నన్ను పెనం మీద నుంచే తీసుకుని, ఊదుకుంటూ మొత్తం తినేసింది. తల్లీకొడుకులు వాష్‌బేసిన్ వైపు చూస్తూ నిలబడ్డారు. ఎంతసేపటికీ ఆమె అటు వెళ్లలేదు. వేళ్లు నాక్కుంది.

“ఇంకా ఉందా?”

“అంతా మేమే తినేశామే తల్లీ,” అంది సీతారావమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. రవిశేఖర్ చెప్పులు కూడా వేసుకోకుండా కొట్టుకి పరుగుతీశాడు.

ఇదంతా ఎక్కడి నుంచి చెబుతున్నానని అడుగుతారేమో. హైమ కడుపులో నుంచేనండీ. ఇంకా ఇక్కడే ఉన్నాను.