ఇనుమెక్కిన దారి

పాత ఉక్కుమిల్లు రోలరు పైకి ఎక్కుతోంది. టాటానగర్‌లో సువర్ణరేఖ నది ఒడ్డున కొత్తగా కట్టిన కార్మిక మ్యూజియం మెట్ల మీద, బరువులు మోసే కళాసీలు రైలు స్లీపరు దుంగలు ఏటవాలుగా పరిచి, గ్రీజు రాసి, తాళ్లు బిగించి, "హైసా" అంటూ టన్నుల బరువున్న ఆ ఇనుమును కొంచెం కొంచెంగా దొర్లిస్తున్నారు. కింద తన మూడు చక్రాల చేతిబండిలో కూర్చుని కాంతం చూస్తోంది. ఆ రోలరు తిరిగే చప్పుడు ఆమెకు తెలుసు. మిల్లు ఎప్పుడో మూతపడింది గానీ ఆ చప్పుడు ఆమెను ఈనాటికీ వదల్లేదు. కళ్లు మూస్తే చాలు, మొదలవుతుంది.

దాని ముందు నిలబడే ఆమె మొగుడు దేముడు ప్రాణం వదిలాడు. ఎర్రగా కాలిన కడ్డీ రోలర్ల మధ్య నుంచి దారి తప్పి ఎగిరింది. ముందున్న దేముణ్ణి చంపింది. వెనక కార్మికులకు నీళ్లబకెట్టు తెస్తున్న కాంతం రెండు కాళ్లూ తీసేసింది. మిల్లు యజమాని దాన్ని ప్రమాదమన్నాడు. అక్కడ అడ్డుకంచె ఎందుకు లేదో మాత్రం చెప్పలేదు.

విశ్వకర్మ పూజనాడు కార్ఖానాల గేట్లు కార్మికుల ఇంటివాళ్లకు తెరవడం ఆ ఊరి ఆచారం. మిల్లు మూతపడ్డాక కూడా ఏటా ఆ రోజున కాంతం బండి తిప్పుకుంటూ మిల్లు షెడ్డులోకి వెళ్లేది. అందరూ యంత్రానికి పూజ చేస్తుంటే తను దేముడి పేరున రోలరు పక్కన దీపం పెట్టేది. ఇప్పుడు రోలరు మ్యూజియానికి వచ్చింది. దీపమూ ఇక్కడికే రావాలి.

మర్నాడు ఆమె వచ్చేసరికి దుంగలు లేవు. కూలి పుచ్చుకుని కళాసీలే వాటిని పీకి వెనక యార్డులో పేర్చేశారు. తెల్ల పాలరాయి మెట్లు తళతళలాడుతున్నాయి.

"ఏటి జగ్గారావూ, దుంగలు తీయించేసినావు? రేపు పూజకి నానెలా ఎక్కాల?"

జగ్గారావు మ్యూజియం సూపర్‌వైజరు. ఒకప్పుడు కూలీల వాడ భుయ్యాడీహ్‌లో ఆమె పక్కింటివాడే.

"టూరిస్టులొత్తారప్పా. ఫోటోల్లో బాగోదని కాంట్రాక్టరు తీయించేసినాడు. నీకేటి బెంగ? మనోళ్లున్నారు గదా, ఎత్తేత్తారు."

"ఇనుముకి దారేసినారు. మడిసికి ఎయ్యరా?"

"ర్యాంపు ప్లాన్‌లో ఉన్నాదిలే. తరవాత సూద్దాం."

తరవాత! కాళ్లు లేనివాళ్లకూ కళ్లు లేనివాళ్లకూ చట్టం ఏనాడో దారి వేసింది. కాగితం మీద వేసింది. కాగితం మీద బండి నడవదు.

ఆ సాయంత్రం భుయ్యాడీహ్ సందులో జనం కూడారు. కళాసీల సర్దారు గౌరీశంకర్ దేముడికి స్నేహితుడు. అతను ముందుగా నవ్వేశాడు.

"ఇదేటి పంచాయితీ వొదినా? రోలర్నే ఎక్కించినోళ్లం. నువ్వెంత? పువ్వులాగ ఎత్తేత్తాం."

"రోలర్ని మీరెత్తలేదు గౌరీ. దారేసి దొర్లించినారు. ఎత్తింది నన్ను." అంది కాంతం. "పోయినేడు దుర్గపూజ పందిట్లోకి నలుగురు నాలుగు పక్కల పట్టినారు. సీర జారిపోనాది. జనం సెల్లుల్లో తీసినారు. అమ్మోర్ని సూడ్డానికెళ్లి కళ్లు మూసుకుని కూకున్నాను. మీరు మంచోళ్లే. మీ సేతుల్లో నాను మాత్రం బస్తానే. మీరెత్తుతారని తెలిసే ఆళ్లు మెట్లు కడతన్నారు!"

కాంతానికి మళ్లీ రోలరు తిరగడం వినిపించింది.

టాటానగర్ రైల్వే యార్డులో కాలు పోగొట్టుకున్న ముసలి నీలకంఠం కర్ర నేలకు ఆనించి లేచాడు. "నాను పార్కుకెళ్తే మనవలు లోపలికి, నాను బయట సెప్పుల కాపలాకి. ఇన్నేళ్లూ అదే నా మర్యాదనుకున్నాను."

"రేపు మేం ఎదురు తిరిగితే కాంట్రాక్టరు మళ్లీ పనిత్తాడేటి? మా పిల్లలేటి తింటారు?" ఒక కళాసీ గట్టిగా అడిగాడు.

"ఇయ్యడు," అంది కాంతం. "రేపు తాడు తెగి నీ కాలు పోతే, అప్పుడు నిన్నూ లోపలికి రానియ్యడు."

ఆ మాట అందరికీ తగిలింది. ఆ వాడలో ఒళ్లంతా సవ్యంగా ఉన్న కళాసీ ఎవడు? గౌరీశంకర్ తన అరచేతులకేసి చూసుకున్నాడు. "దుంగలు పీకినవి ఈ సేతులే," అన్నాడు.

నీలకంఠం మనవరాలు యోగిత కాలేజీ పిల్ల. రేపెవరూ ఎత్తేది లేదని హిందీలోనే తేల్చేసింది: "కల్ కోయీ నహీ ఉఠాయేగా, బస్!"

"ఔను," అన్నాడు గౌరీశంకర్. "ఎత్తం."

పూజనాడు మ్యూజియం ముందు బ్యాండు మోగుతోంది. కాంతం మెట్ల కింద బండి ఆపింది. కబురంది గోల్‌మురి, గోవింద్‌పూర్ పేటల నుంచి వచ్చిన చేతిబండ్లు, చంకకర్రలు, గుడ్డివాళ్ల తెల్లకర్రలు ఆమె వెనక నిలిచాయి. యోగిత కాలేజీ విద్యార్థులు కూడా వచ్చారు.

జగ్గారావు కంగారుగా పరుగెత్తుకొచ్చాడు. "గెస్టులొచ్చే టైమైపోతంది. ఒరే, ఎత్తండ్రా ఈళ్లని!"

"ఎత్తం!"

కళాసీలు యార్డులోకి నడిచారు. దుంగలు మోసుకొచ్చారు. ఈసారి ఏటవాలు తగ్గేలా రోడ్డు దాకా పరిచారు. గ్రీజు రాయలేదు. ఆఖరి దుంగ పడేలోగా పోలీసులు దిగారు. లాఠీలు లేచాయి. గౌరీశంకర్ తల పగిలింది. అతణ్ణీ అతని జట్టునూ వ్యానులోకి నెట్టారు. ఆ ఆఖరి దుంగను యోగితా ఆమె స్నేహితులూ పడుతూ లేస్తూ ఈడ్చి వేశారు.

కాంతం బండి కదిలింది.

"ఇసే ఉఠావో!" అంటూ ఆమెను ఎత్తేయమని పోలీసు ఆఫీసరు అరిచాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు వంగారు.

"ముట్టుకోకండి! నా బండి నాను తిప్పుకుంతాను!"

"ఎత్తం! ఎత్తనియ్యం!" జనం ఒక్క గొంతుతో కేక వేశారు. వ్యాను లోపలి నుంచీ అదే కేక. తమవైపు తిప్పిన ఇన్ని సెల్‌ఫోన్ల ముందు వంగిన కానిస్టేబుళ్లు మెల్లగా వెనక్కి తగ్గారు.

ఆమె పైకి చేరేసరికి జగ్గారావు షట్టరు దించేశాడు. ఇనుప రేకు అవతల చీకట్లో రోలరు ఉంది. తిరుగుతూనే ఉంది. కాంతం చెవి ఆనించి చాలాసేపు విన్నది. తర్వాత గడప దగ్గర దీపం వెలిగించింది.

"ఇక్కడిదాకా వచ్చినాను మావా," అంది ఏడుస్తూ. "తలుపు కూడా తెరిపిత్తాను."

ఆమె వెనకే మిగతావాళ్లూ ఎక్కారు. జట్టును వదిలేదాకా, దారి పక్కాగా కట్టేదాకా దిగేది లేదన్నారు.

మర్నాడు దుంగలు తీసే మనుషుల కోసం కాంట్రాక్టరు గోల్‌మురి కూలీల అడ్డాకు జగ్గారావును పంపాడు. అక్కడున్నది వేరే జట్టు. కాంతం ఎవరో కూడా వాళ్లకు తెలియదు. నిన్నటి కేక మాత్రం వాళ్ల చెవినా పడింది.

"ఏటి పని?" అని ముందువాడు తాడు భుజానేసుకుంటూ అడిగాడు.

జగ్గారావు చెప్పాడు. ఆ మనిషి తాడు దించి, చుట్టగా చుట్టి, దాని మీదే కూర్చున్నాడు.

"ఎత్తం," అన్నాడు.

అడ్డా అంతా తిరిగి జగ్గారావు ఒక్కడే వెనక్కి వచ్చాడు. కింది దుంగ కొస రెండు చేతులా పట్టుకుని లాగాడు. అది కదల్లేదు. పైన, మూసిన షట్టరు ముందు, కాంతం దీపంలో నూనె పోసింది.