ముమ్మారు దాచిన పుటలు

ఆషాఢమేఘములు గిరిశిఖరముల నావరించి మధ్యాహ్నమునే సంధ్యగా మార్చుచుండ నవిచ్ఛిన్నవర్షధారలచే నెఱ్ఱబారిన సెలయేళ్లు లోయలలో ఘూర్ణిల్లుచుండ జీలుగుపుట్టు అను కొండపల్లెకు నర్సుద్యోగిని యగు నీలవేణియు, వాగులలో బిడ్డ కొట్టుకొనిపోవునేమో యను వెఱపున నామెను విడువక తిరుగు తల్లి పైడితల్లమ్మయు నెక్కి వచ్చిరి.

ఆ కొండలలోని పల్లెలలో ఫోను సిగ్నలు లేదు. కావున నాలుగువేల మంది యారోగ్యవివరములు నీలవేణి ఫోనునందలి యాప్‌లోనే నిక్షిప్తములై యుండెను. అక్షరరూపమున నవి యెల్ల పిడికెడంత చోటున నిముడునట్టివి. కాని వేలిముద్ర లేని వ్రాతను నమ్మజాలని పైడితల్లమ్మ, యాప్ చెడినచో గతి యేమని నిత్యము వాపోవుచు, ఊరివారి ముద్రలుగల, చెదలు పట్టుచున్న పాత రిజిస్టరు పుటల నన్నిటిని ఫొటోలు తీయించి యొక్కొక్కదానిని మూడేసి ప్రతులుగా ఆ ఫోనులోనే దాపించెను.

నాడు సొంబారి యను నిండుచూలాలికి రక్తస్రావ మారంభమయ్యెను. ఆమెది యరుదుగా దొరకు రక్తమని నీలవేణికి జ్ఞప్తియే గాని యే గ్రూపో తోపలేదు. శిఖరమెక్కి సిగ్నలందుకొని యాసుపత్రికి ముందుగా తెలిపిన గాని యా రక్తము సిద్ధము గాదు. యాప్ తెఱవబోవ, ఫోనునందు చోటు చాలదని తెలిపి యది మూతపడెను.

"ఓలమ్మో! అంతా పోనాదే! నానప్పుడే సెప్పినాను కాదేటి!" యని తల్లి గుండెలు బాదుకొనెను.

"ఏటీ పోనేదమ్మా. నువ్వు దాయించిన బొమ్మలే పీకల్దాకా నిండిపోనాయి. ఆటిలో ఎతికితే తెల్లారిపోద్ది, తీసేత్తాను," అనెను నీలవేణి.

"తీసేత్తావేటే! ఆ ఏలిముద్రలు మళ్లా ఎవులేత్తారు?"

గడపయొద్ద గూలబడిన సొంబారి యత్త తలయెత్తి "నానేత్తానమ్మా, రెండు సేతుల ఏళ్లతోనీ ఏత్తాను. ముందు నా కోడల్ని సూడండి!" అనెను.

గదిలోనుండి సొంబారి మూలుగు వినబడెను.

"తీసెయ్యే బిడ్డా," అనెను పైడితల్లమ్మ.

ప్రతులు తొలగెను. యాప్ తెఱచుకొనెను. నాలుగువేల పేర్లనడుమ సొంబారి పేరు రెప్పపాటున దొరకెను. ప్రక్కనే రక్తపు గ్రూపు రెండు మాటలు, 'ఓ నెగటివు'.

నీలవేణి శిఖరమునకు పరుగెత్తెను. సొంబారిని మోయు డోలీ లోయదారిని బయలుదేఱెను. కొంతసేపటికి పైనుండి "ఇన్నారే అమ్మా! రక్తం దాత్తారంట!" యను కేక వానలో తేలివచ్చెను.

భయము దేనినైనను ప్రోగుచేయగలదు గాని వేళకు చేతికందింపజాలదు. దారి యింకను దూరము, వాగు పొంగుచుండెను. పైడితల్లమ్మ డోలీలోని చల్లని చేతిని వదలక, ఫోను తడిసి చచ్చినను తాను మఱువరాదని, అడుగడుగునకు నా రెండు మాటలే జపించుచు బురదదారిని దిగుచుండెను.