ఎడమవైపు బ్రేకు

ఖాలిద్ అని పేరు పెట్టి అడిగితే ఖమ్మంలో ఎవరూ చెప్పలేరు. ఎర్రకారు మేస్త్రీ అనండి, ఖానాపురం హవేలి ఆటోవాళ్ళు తీసుకెళ్ళి ఆయన మెకానిక్ షెడ్డు ముందే దింపుతారు. రెండే సీట్లు, పైకప్పు లేదు, వయసులో ఖాలిద్ కంటే పెద్దది ఆ స్పోర్ట్స్ కారు. ముప్పై ఏళ్ళ కిందట మణుగూరులో ఓ గని ఆఫీసరు ఇంటి వెనక కోళ్ళు అందులో గుడ్లు పెట్టుకుంటుంటే తుక్కు కింద కొన్నాడు. రెండేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని దాన్ని రోడ్డెక్కించాడు. ఒక్క బోల్టు కూడా పరాయిది లేదని ఆయన గర్వం. మామూలు గర్వమా అది! పెళ్ళి విందుల్లో బిర్యానీ చల్లారిపోతున్నా ఆ బోల్టుల కథ ఆపేవాడు కాదు.

అలాంటి మనిషి దగ్గర కూతురు ఆతియా బ్రేకుల మాటెత్తింది. ఆమె బైకుల షోరూంలో సర్వీస్ అడ్వైజర్.

"అబ్బా, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు ఎక్కిద్దాం. నీ పాత డ్రమ్ము బ్రేకులు తడిస్తే పట్టయి."

"నాకు తెల్వదా? రెండుసార్లు తొక్కాలె. వానొస్తే బ్రేకు మీద జర కాలు ఆనిచ్చి నడిపితే అవే ఆరుతయి. ఇన్నేండ్లల్ల కారుకు ఒక్క గీత పడ్డదా?"

"పడేదాంక ఆగుదామా?"

"డిస్కులు పెడితే అది కిచిడీ అయితది, నా కారు గాదు. ఈసారి హైదరాబాద్ పాత కార్ల పోటీల నిలబెడుతున్న. అక్కడ చక్రం ఇప్పి మరీ చూస్తరు."

ఆతియా తల్లి వైపు చూసింది. సర్వరీ బేగం చాయ్ గ్లాసులు తీస్తూ, "మీ అబ్బాకు ఎరికే గద బిడ్డా" అంది. ఇక చూసుకోండి, ఖాలిద్ ఛాతీ ఉబ్బిపోయింది.

నెలకోసారి భార్యాభర్తలిద్దరూ ఆ కారులో భద్రాచలం వెళ్తారు, సర్వరీ అక్క ఇంటికి. ఎర్రబస్సు ఎక్కితే ఖమ్మం దాటకముందే గురకపెట్టే సర్వరీ, ఈ కారులో మాత్రం కన్ను మూయదు. పాల్వంచ దాటి అడవి మొదలైందంటే నిటారుగా కూచుని, పెదాలు కదుపుతూ దువా చదువుకుంటుంది. చల్లటి అడవి, పక్కన తను, మనసులో అల్లా. మరి నిద్రెలా వస్తుందిలే అనుకునేవాడు ఖాలిద్. అనుకుని మురిసిపోయేవాడు కూడా, పిచ్చి మారాజు.

పోటీ ఇంకో నెల ఉందనగా, ఓ ఆదివారం పొద్దున కారు అడుగు రేకు తుప్పు పట్టిందేమో చూద్దామని కాళ్ళ కింది రబ్బరు పట్టాలు పీకాడు. సర్వరీ వైపు పట్టాకు బొటనవేలు దూరేంత చిల్లు ఉంది.

"ఎలుకలు పడ్డయే బేగం!" అని కేకేశాడు. ఎలుకల్ని తిట్టాడు, ఎలుకల మందు అమ్మినవాణ్ణీ తిట్టాడు. తిడుతూనే చిల్లు అంచు తడిమాడు. కొరికిన గాట్లు లేవు. రబ్బరు అరిగి అరిగి నున్నబడింది. కింద రేకు మీద రంగు కూడా లేచిపోయింది.

అరుగుదల చూసి కారణం చెప్పడమే ఆయన పని. లేచి వెళ్ళి ఎడమ సీట్లో కూచున్నాడు, ఇన్నేళ్ళలో మొదటిసారి. కుడికాలు చాపాడు. పాదం సరిగ్గా చిల్లు మీద ఆనింది. తన వైపైతే అక్కడ బ్రేకు ఉంటుంది.

ఎలుక కోసం చీపురు పట్టుకొచ్చిన సర్వరీ, ఆయన కాలు ఎక్కడుందో చూసి చీపురు దించేసింది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు ఖాలిద్.

"ఏంది?"

"నువ్వు బ్రేకేసుడు."

దొరికిపోయిన పిల్లలా నవ్వింది. "పాల్వంచ అవతల బర్రెలు అడ్డమొచ్చినయి చూడు, గా మొదటి ఏడు నుంచి. మీరు ఒకసారి తొక్కుతరు, ఆగదు. రెండోసారి తొక్కేదాంక పానాలు అరచేతుల పెట్టుకుంట. గా నడుమల నేను తొక్కుత."

"మరి చెప్పకపోతివి?"

"ఏమని చెప్పాలె? ఒక్క బోల్టు పరాయిది లేదని చెప్పుకునేటప్పుడు మీ మొకం ఎంత మంచిగుంటది, ఆతియా అబ్బా. నేనెందుకు పాడు చేయాలె?"

ఖాలిద్‌కు ఏడుపొచ్చింది. ఎవరి బండి ఏ మూల కీచుమన్నా చెవితోనే పట్టేసే తను, పక్క సీట్లో ఇన్నేళ్ళ భయాన్ని భక్తి అనుకున్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"ఆతియాకు ఫోన్ చెయ్. డిస్కులు జల్దీ తెమ్మను."

"మరి పోటీ?"

"పోతే పోనీ."

పాత డ్రమ్ములకు గ్రీజు రాసి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. కారులో కొత్త పట్టా పరిచాడు. మొదటి నెల సర్వరీ కాలు అలవాటుకొద్దీ నొక్కుతూనే ఉంది.

రెండో నెల పాల్వంచ దాటాక, అంతకుముందే పడి వెలిసిన తుంపరకు రోడ్డు తడిసి ఉంది. మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా బర్రెల మంద. ఖాలిద్ ఒక్కసారే, మెల్లగా తొక్కాడు. కారు బుద్ధిగా ఆగింది.

"చూసినవా బేగం, ఒక్కటే తొక్కు..." అంటూ గర్వంగా తిరిగాడు.

సర్వరీ చెప్పులు విప్పేసి, కాళ్ళు సీటు మీదికి ముడుచుకుని, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. గురక కూడా పెడుతోంది.

వెనక బస్సువాడు హారన్ కొట్టాడు. ఖాలిద్ గభాలున వెనక్కి తిరిగి, కళ్ళనిండా నీళ్ళతో, పెదాల మీద వేలు పెట్టి చూపించాడు.