గ్రహణం సెలవుకి తవ్విన రోడ్డు

మా ఆయన రోడ్ల శాఖలో ఇంజనీరు. నేను స్కూల్లో సైన్సు టీచర్ని. ఇరవై రెండేళ్లుగా బంతీ టార్చిలైటూ పట్టుకుని పిల్లలకి సూర్యగ్రహణం పాఠం చెబుతున్నాను కానీ, సంపూర్ణ గ్రహణాన్ని కళ్లారా చూసింది లేదు. పదకొండేళ్ల కిందట వచ్చినప్పుడు ఈయనగారికి వంతెన ప్రారంభోత్సవం ఉందని ఆగిపోయాను. ఇప్పుడు వచ్చేది కూడా తప్పిపోతే, మళ్లీ వచ్చేసరికి నేనుండను.

ఈసారి సంపూర్ణ గ్రహణం కనిపించే చంద్రుడి నీడ మా ఊరికి అరవై కిలోమీటర్ల అవతల పడుతోంది. తెల్లవారుజామునే బయల్దేరదామని మొత్తుకున్నాను. "సెలవు రోజు. రోడ్డు ఖాళీగా ఉంటుంది. నాకు తెలీదా?" అంటూ కాఫీ మీద కాఫీ తాగి, తాపీగా కారు తీశారు మహానుభావులు.

నీడ ఇంకో మూడు కిలోమీటర్లుందనగా ఆగిపోయాం. మా ముందు యాభై బండ్లు. వాటి ముందు సగం రోడ్డు తవ్వి పోశారు, మిగతా సగానికి డ్రమ్ములు అడ్డం పెట్టారు.

"ఇవాళే దొరికిందా ఈ పనికి? ఎవరండీ పెట్టింది?" అన్నాను.

ఆయన స్టీరింగు వైపు చూస్తూ కూర్చున్నారు.

"మీరేనా?"

"సెలవు రోజు జనం తిరగరు కదా అని సంతకం పెట్టాను."

"సెలవు ఎందుకిచ్చారో చూశారా?"

"తేదీ చూశాను."

నాకు ఒళ్లు మండిపోయింది. దిగి వెళ్లి ఎర్రజెండా పట్టుకున్న మనిషిని అడిగాను. "ఇటుపక్క రోడ్డు బాగానే ఉందమ్మా. ఇంజనీరుగారు ఊ అంటే డ్రమ్ములు జరిపేస్తా. ఫోనెత్తట్లేదు," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఆ ఇంజనీరు ఏడు తరాలనీ తిట్టిపోస్తున్నారు.

వెనక్కొచ్చి, "ఇంకా అరగంట ఉంది. దిగి ఒక్క మాట చెప్పండి," అన్నాను.

"మతి పోయిందా? నన్ను చావగొడతారు. ఇక్కడా తొంభై తొమ్మిది శాతం కనిపిస్తుందట. ఆ ఒక్క శాతానికి ఇంత రాద్ధాంతమా?" ఫోను ఆపేసి జేబులో పెట్టుకున్నారు.

పట్టపగలు చుక్కలు కనబడేది ఆ ఒక్క శాతం వల్లే. ఆ సంగతి ఆయనకి వందసార్లు చెప్పుంటాను.

మళ్లీ జెండా మనిషి దగ్గరికి వెళ్లాను. "మీ ఇంజనీరుగారు వెనక తెల్లకారులో ఉన్నారు. నేను ఆయన భార్యని," అన్నాను, అందరికీ వినబడేలా.

నలుగురు వెళ్లి కాలరు పట్టుకుని లాక్కొచ్చారు. ఆయన నావైపు ఒక్క చూపు చూసి, "జరపండి," అన్నారు. డ్రమ్ములు జరిగాయి. మొదటి లారీ డ్రైవరు ఎక్కమంటే ఎక్కేశాను. వెనక మా కారు అద్దం పగిలిన చప్పుడు వినిపించింది. ఆపమనలేదు.

మూడు కిలోమీటర్ల అవతల, బీడు భూమిలో నిలబడి చూశాను. సూర్యుడు నల్లగా అయిపోయాడు. చుట్టూ తెల్లటి వెలుగు. పక్కన రెండు చుక్కలు. రెండు నిమిషాలు వెక్కి వెక్కి ఏడ్చాను.

వెలుతురు వచ్చాక ఫోన్ మోగింది.

"అద్దం పగలగొట్టారు. చొక్కా చింపారు. నీకిప్పుడు సంతోషమేనా?"

"అవునండీ," అన్నాను. "చాలా సంతోషంగా ఉంది."