ఎండలోకి వెళ్లకండి

పీపా మూత తీసి, మొహం దగ్గరకు వంచకుండా, అరచేత్తో గాలిని తనవైపు విసురుకుని వాసన చూసింది సీసాలక్క. నిమ్మ నూనె. ఆవిరి పట్టి తీసిన నూనె అయితే కాస్త ఉడికిన పండు వాసన వేస్తుంది. ఇది పచ్చిగా, ముక్కులో గిల్లినట్టుగా ఉంది. తొక్క పిండి తీసినది. రెండు నెలలుగా ఇదే వస్తోంది.

పంతొమ్మిదేళ్లుగా ఆమె పని ఒంటికి రాసుకునే నూనె సీసాల్లో నింపడం, వాటికి చీటీలు అంటించడం. అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా కనపడదు. బస్సెక్కితే పక్కవాళ్లు సంచీలో నిమ్మకాయలున్నాయా అని అడుగుతారు. బస్సు నడిపే మొగుడు కూడా అంతే, నువ్వు ఇంటికొచ్చావో లేదో చూడక్కర్లేదు, వాకిట్లోంచే తెలిసిపోతుంది అంటాడు. కూతురు చిన్నప్పుడు జ్వరమొస్తే అమ్మ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని పడుకునేది. ఇప్పుడు ఆ పిల్లకే ఒక పిల్ల.

మొదటి ఏడాది ఒకరోజు ఇలాంటి పచ్చి నూనె ముంజేతి మీద కారితే తుడుచుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచి ఇంటికి వెళ్లింది. ఆ రోజు ఏమీ కాలేదు. మర్నాడు కారిన చార పొడుగునా ఎర్రబడింది, మూడోనాటికి బొబ్బలెక్కింది. బొబ్బలు మానినా కాఫీరంగు మచ్చ మాయడానికి ఏడాది పట్టింది. అప్పుడే యజమాని, అందరూ పెద్దాయన అనేవారు, ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు. ఈ నూనెకి ఎండ తగిలితే నిప్పేనమ్మా, వంద చుక్కల మామూలు నూనెలో ఒక్క చుక్క వేసినా ఎక్కువే. ఆ వారమే చీటీ మీద ఒక లైను చేర్పించాడు. రాసుకున్నాక పన్నెండు గంటలు ఎండలోకి వెళ్లకండి. తర్వాత ఆవిరి నూనెకి మారినా ఆ లైను తీయించలేదు.

పెద్దాయన పోయాడు. కొడుకు, చిన్నబాబు, సుతారంగా మాట్లాడే మనిషి. వాసన గుప్పుమనాలని ఆవిరి నూనె మానేసి పచ్చి నూనె తెప్పించాడు. వందకు అయిదు వంతులు కలపమన్నాడు. చీటీలు కొత్తగా, అందంగా అచ్చువేయించాడు. ఆ లైను లేదు. సీసాలక్క అడిగింది. "వచ్చేసారి వేయిద్దాంలే అక్కా" అన్నాడు. రెండు నెలల్లో మూడు వచ్చేసార్లు గడిచాయి. ఈ పొద్దున విప్పిన కట్టలోనూ లేదు. ఆమె అంటిస్తూనే ఉంది.

పదకొండు గంటలకు ఒకామె గుమ్మంలో నిలబడింది. వీధులు ఊడ్చే మనిషి, ఒంటిమీద ఇంకా పనిచొక్కా ఉంది. చేతిలో ఖాళీ సీసా. రెండు చేతుల మీదా మోచేతుల నుంచి మణికట్ల దాకా కొరడాతో కొట్టినట్టు చారలు. కొన్ని చోట్ల బొబ్బలు చితికి కండ కనిపిస్తోంది. నూనె ఎటు కారిందో చర్మమే గీసి చూపిస్తోంది.

చిన్నబాబు అద్దాల గదిలోంచి వచ్చాడు. "కొందరి ఒంటికి పడదమ్మా. మీది సున్నితమైన చర్మం. తప్పు నూనెది కాదు."

"చీపురు పట్టిన చేతులు పగులుతున్నాయని పొద్దున్నే రాసుకుని పనికి పోయాను సార్. నాది మొద్దు చర్మం. ఇరవయ్యేళ్లుగా ఎండలోనే ఉన్నాను."

"నేనూ రాసుకున్నాను. చూడండి, నాకేం కాలేదు."

సీసాలక్క చేతిలో చీటీ వేలికి అంటుకుపోయింది. లేచి వచ్చింది.

"మీరు ఏసీ గదిలో రాసుకున్నారు చిన్నబాబూ. ఈమె రోడ్డు మీద రాసుకుంది."

"అక్కా, నువ్వు పని చూసుకో."

"చూసుకునే చెబుతున్నాను. అమ్మా, నీ ఒంటి తప్పేం లేదు. ఇది పచ్చి నిమ్మ నూనె, అందులోనూ చిక్కగా కలిపింది. ఎండ తగిలి కాలింది. ఆ మాట చీటీ మీద ఉండాలి. లేదు. లేదని తెలిసీ అంటించినదాన్ని నేనే."

ఊడ్చే ఆమె తన చేతులు తిప్పి చూసుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "ఆసుపత్రిలో గజ్జి అన్నారు. నలుగురితో కలిసి నీళ్లు తాగొద్దని మా వాళ్లు గ్లాసు వేరే పెట్టారు. ఇది అంటుకోదా?"

"అంటుకోదు."

కాలిన చేతులు ఒక ఎత్తు, ఆ గ్లాసు ఒక ఎత్తు. సీసాలక్క కాగితం తీసి ఏ నూనె, వందకు ఎంత కలిపారు, ఎండ తగిలితే ఏమవుతుంది అన్నీ రాసింది. కింద తన పూర్తి పేరు పెట్టింది. అలా పెట్టి ఎన్నాళ్లయిందో, అక్షరాలు కొంచెం తడబడ్డాయి. "ఇది డాక్టరుకి చూపించు. మీవాళ్లకీ చూపించు. మానేదాకా చేతులకి ఎండ తగలనీయకు."

ఆమె వెళ్లాక చిన్నబాబు కారెక్కి ఎవరినో కలవడానికి వెళ్లాడు. నాలుగింటికి సరుకు బండి వస్తుంది. రెండువందల పన్నెండు సీసాలు సిద్ధంగా ఉన్నాయి. సీసాలక్క అన్నం తినలేదు. చెరగని సిరా కలం తెచ్చుకుని ఒక్కో సీసా తిప్పి, చీటీ మీద బొమ్మ పండు కింద ఉన్న కాస్త ఖాళీలో రాయడం మొదలుపెట్టింది. పన్నెండు గంటలు ఎండలోకి వెళ్లకండి. యాభై దాటేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి. వంద దాటాక అక్షరాలు పక్కకి ఒరిగాయి, అయినా చదవడానికి వస్తున్నాయి. రాసినవి రాసినట్టు, సరుకు కట్టే పెట్టెల మామ అట్టపెట్టెల్లో సర్దాడు. ఆయన తక్కువ మాటల మనిషి. మూడింటికి ఆమె ముందు టీ గ్లాసు పెట్టి, "చల్లారిపోతుంది" అని మాత్రం అన్నాడు.

అప్పుడే చిన్నబాబు తిరిగొచ్చాడు. ఒక సీసా ఎత్తి చూశాడు. మొహం పాలిపోయింది.

"ఇదేం పనక్కా. ఇది చూస్తే ఎవడు కొంటాడు?"

"ఎండలో తిరగనివాళ్లు కొంటారు. లేదా రాత్రి రాసుకునేవాళ్లు. కాలనివాళ్లు మళ్లీ కొంటారు బాబూ."

"ఈ చీటీలన్నీ పీకి కొత్తవి అంటించు."

"అంటించను."

"అయితే రేపట్నుంచి రావద్దు."

"రేపటిదాకా ఎందుకు."

ఆమె గొంతు పెంచలేదు. చివరి సీసా మీద మిగిలిన రెండు మాటలూ రాసి, సిరా ఆరేలా ఊది, మామ వైపు జరిపింది. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. పంతొమ్మిదేళ్లలో ఎవరితోనూ పోట్లాడలేదు. ఇప్పుడు కూడా పోట్లాట మాటల్లోకి రావడం లేదు. కోపం చిన్నబాబు మీద సగమే. మిగతా సగం, మూడు కట్టల చీటీలు నోరుమూసుకుని అంటించిన తన చేతుల మీద. మామకు తల ఊపి, చెప్పులేసుకుని బయటికి వెళ్లింది. గేటు చప్పుడు కూడా పెద్దగా రాలేదు.

"పెట్టెలు విప్పు మామా. చీటీలు మార్చాలి" అన్నాడు చిన్నబాబు, ఫోను మోగితే గదిలోకి పోతూ.

పెట్టెల మామ టేపు చుట్ట తీసుకున్నాడు. ఒక్కటీ విప్పలేదు. తొందరపడకుండా, ఒక్కో పెట్టెకు మూడేసి చుట్లు బిగించి అంటించాడు. బండివాడు వచ్చి హారన్ కొట్టగానే ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించాడు. ఫోను సంభాషణ అద్దం వెనక ఇంకా సాగుతూనే ఉంది. బండి మలుపు తిరిగి కనుమరుగయ్యాక మామ లోపలికి వచ్చి, ఖాళీ అయిన బల్ల ముందు కాసేపు నిలబడ్డాడు.

బల్ల మీద ఆమె ముట్టని టీ, పైన పల్చగా తొరక కట్టి ఉంది.