బిస్కెట్ డబ్బాలో ఆరు చీటీలు

నా కుడి మణికట్టు వంకరగా అతుక్కుంది. పిండి కలిపితే నొప్పి, గిన్నె ఎత్తితే నొప్పి. దాన్ని చూసినప్పుడల్లా మేస్త్రీ డెస్మండ్ హాలిగన్ ముఖం గుర్తొస్తుంది. "వాణ్ణి క్షమించేశావా నోరీన్?" అని చర్చిలో అడిగినవాళ్లకు లేదనే చెప్పాను. అబద్ధమాడటానికి అది చోటు కాదు.

ఇరవై రెండేళ్లుగా గొర్రెల షెడ్లలో ఉన్ని కత్తిరించేవాళ్లకు వండిపెడుతున్నాను. పేరుతో ఎవరూ పిలవరు, అందరికీ వంటక్కనే. హాలిగన్ ముఠాలో వాడితో కలిపి ఆరుగురు, మేస్త్రీ అయినా వాళ్లతో పాటే కత్తిరిస్తాడు. తడిసిన గొర్రెల్ని కత్తిరిస్తే మనుషులు జబ్బు పడతారు. అందుకని వాన పడినప్పుడు తలా రెండు గొర్రెల్ని కత్తిరించి చూసి, చీటీ మీద తడి అనో పొడి అనో రాసి వేస్తారు. ఎక్కువమంది తడి అంటే ఆ పూట పని లేదు. ఎవరేం రాశారని ఎవరూ అడగకూడదు. మేస్త్రీ మీద నమ్మకం లేక చీటీలు నా బిస్కెట్ డబ్బాలో వేసేవాళ్లు. లెక్కపెట్టి, ఎన్నెన్ని అన్నది చెప్పకుండా, ఏది ఎక్కువో మాత్రం చెప్పడం నా పని.

ఆ గురువారం, పద్నాలుగో తేదీ, సరిగ్గా భోజనాల వేళకి వాన దంచికొట్టింది. కాగితం దొరక్క, వంటింటి క్యాలెండర్‌లో ఆ రోజు కాగితమే చింపి ఆరు ముక్కలు చేశాను. వండిందే మళ్లీ వండకుండా ఉండాలని, వడ్డన అయ్యాక ఏం పెట్టానో దాని మీద రాసుకోవడం నాకు అలవాటు. ఐదు తడి, ఒకటి పొడి. తడి అని మాత్రం చెప్పాను, అందరూ గదుల్లోకి పోయి ముసుగుతన్నారు. హాలిగన్ మాత్రం వంటింట్లోకి వచ్చాడు.

"డబ్బా ఇటివ్వు. రాతలు చూస్తే ఎవడెవడో నాకు తెలిసిపోద్ది."

"చూడకూడదు డెస్మండ్. నీకు తెలీదా?"

"షెడ్డు నాది, మనుషులు నావాళ్లు. వంటదానివి, మధ్యలో నీకెందుకే?"

ఇవ్వలేదు. నా కుడి చెయ్యి లాగి ఓవెన్ తలుపు సందులో పెట్టి, మోకాలితో నొక్కాడు. ఎముక విరగడం నా చెవులతో విన్నాను. ఎడమ చేత్తో డబ్బా గుండెకు అదుముకునే ఉన్నాను.

పోలీసులకు వాడు చెప్పిన కథ వేరు. నేను మెట్ల మీద జారిపడ్డానట. ఒంటిగంట నుంచి మూడింటి దాకా తను షెడ్డులో కత్తిరిస్తూనే ఉన్నాడట. యజమాని ఆ వారం సిడ్నీలో ఉన్నాడు, ఎవరెన్ని కత్తిరించారో రాసే షెడ్డు పుస్తకం హాలిగన్ చేతిలో ఉంది. పోలీసులు కేసు మూసేశారు. నేరాల్లో దెబ్బతిన్నవాళ్లకు ప్రభుత్వం పరిహారం ఇస్తుందంటే దరఖాస్తు పెట్టాను. నగరంలో ఎవరో కాగితాలు చూసి, రుజువు లేదని కొట్టేశారు.

అప్పటిదాకా చీటీల సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ రాతలు బయటపడితే హాలిగన్ ఐదుగురినీ పన్లోంచి తీసేస్తాడు. పిల్లలు గలవాళ్ల నోటి దగ్గర కూడు నేనెందుకు తియ్యాలి అనుకున్నాను. అంత పిచ్చిదాన్ని!

కొట్టేసిన ఉత్తరం వెంట సాక్షుల వాంగ్మూలం నకలు కూడా వచ్చింది. హాలిగన్ మా పక్కనే కత్తిరిస్తున్నాడని ఐదుగురూ సంతకాలు పెట్టారు. మొదటి సంతకం క్లెమ్‌ది. ముఠాలో పెద్దవాడు. జ్వరంతో పడి ఉంటే నాలుగు రోజులు నా చేత్తో సూపు తాగించాను, ఈ చేత్తోనే. ఆ రోజుతో నా ఏడుపు ఆగిపోయింది. మంచం కింద నుంచి డబ్బా తీశాను.

మా కూలబ్రీలో ఉచితంగా కేసులు చూసే లాయరమ్మాయి టెస్సా ట్రిబ్యునల్‌లో అప్పీలు వేసింది.

"ఆంటీ, ట్రిబ్యునల్ వాళ్లు ఫోన్‌లోనే వింటామంటున్నారు. మీరు ఇంట్లో కూర్చుని మాట్లాడొచ్చు."

"ఫోన్‌లో వద్దమ్మా. ఏడాదికి రెండుసార్లు వాళ్లు మన ఊరికి వస్తారుగా, అప్పుడే పెట్టమను. వాణ్ణీ ఆ ఐదుగురినీ పిలిపించు."

"ఐదు నెలలు ఆగాలి."

"చెయ్యి ఎలాగూ విరిగే ఉంది. ఆగుతాను."

విచారణ రోజు మా పాత కోర్టు గది కిక్కిరిసిపోయింది. బేకరీ వాళ్లు, పబ్బు వాళ్లు, చర్చి వాళ్లు, అందరూ వచ్చారు. నాకు కావలసిందీ అదే. హాలిగన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఐదుగురినీ తన వ్యానులోనే ఎక్కించుకొచ్చాడు. షెడ్డు నుంచి తొంభై కిలోమీటర్లు.

ట్రిబ్యునల్ సభ్యురాలు సన్నగా, నెమ్మదిగా ఉంది. "ఆ మధ్యాహ్నం మీరు షెడ్డులోనే ఉన్నారా?" అని అడిగింది.

ఉన్నానంటే సరిపోయేది. కానీ ఉన్ని కత్తిరించేవాడు గొర్రెల లెక్క చెప్పకుండా ఉండగలడా?

"ఉండటం ఏంటి మేడమ్, ఆ రెండు గంటల్లోనే నలభై రెండు గొర్రెలు కత్తిరించా. మా ముఠాలో ఎవడూ నన్ను దాటలేదు."

వెనకాల ఎవరో మెచ్చుకోలుగా ఈల వేశారు. వాడు ఛాతీ విరుచుకున్నాడు. నేను లేచి డబ్బా బల్ల మీద బోర్లించాను. ఎడమ చేత్తో ఒక్కో ముక్కా జరిపి అతికించాను. గురువారం, పద్నాలుగు అన్న అచ్చు అక్షరాలు కలిశాయి. వాటి మీదుగా నా రాత: మధ్యాహ్నం, మటన్ కూర, ఎండుద్రాక్షల పుడ్డింగు.

"భోజనాలయ్యాక వేసిన ఓటు మేడమ్," అన్నాను. "వెనక్కి తిప్పి చూడండి. ఐదు తడి, ఒకటి పొడి. ఓటయ్యాక ఆ మధ్యాహ్నం అక్కడ ఒక్క గొర్రె కూడా కత్తెర కిందకి రాలేదు."

షెడ్డు పద్ధతి తెలియనివాళ్లు మా ఊళ్లో లేరు. సభ్యురాలు ముక్కల్ని ఒక్కొక్కటే తిప్పి, క్లెమ్‌ను ముందుకు పిలిచింది.

"ఈ రాత మీదేనా?"

క్లెమ్ టోపీ నలుపుతూ నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు.

"నాదే మేడమ్."

"మరి ఓటయ్యాక ఆ మధ్యాహ్నం మీరు కత్తిరించారా?"

"లేదు మేడమ్. ఎవరమూ కత్తిరించలేదు. సంతకం పెట్టకపోతే పనుండదన్నాడు."

హాలిగన్ మెడ వంచి ఆ ముక్కల్నే చూస్తున్నాడు. నా ఎముక విరిచి మరీ చూడాలనుకున్న రాతలు.

"చూసుకో డెస్మండ్," అన్నాను. "ఆ రోజు అడిగావుగా? ఎవడెవడని కాదు. అందరూ."

సభ్యురాలు నన్ను మాట్లాడవద్దంది. నోరు మూసుకున్నాను, చెప్పాల్సింది అయిపోయింది. మధ్యాహ్నానికల్లా తీర్పు చదివింది. నా గాయం వాడు చేసిందేనట, పరిహారం ఇవ్వాలట, చీటీలూ వాంగ్మూలమూ పోలీసులకు పంపుతుందట. నాకు సంతోషం వేసింది. దాచుకోను, చాలా వేసింది. టెస్సా నన్ను కావలించుకుంది. ఖాళీ డబ్బా నా చేతికిచ్చారు.

బయట హాలిగన్ ఎవరి వైపూ చూడకుండా వ్యాను ఎక్కి, తలుపు ధడేల్మని వేసుకుని వెళ్లిపోయాడు. ఐదుగురూ రోడ్డు పక్కన నిలబడిపోయారు. పడమటి దిక్కు నల్లగా మబ్బు పట్టింది. నేను నా బండి తాళం తీస్తుంటే క్లెమ్ దగ్గరికి వచ్చాడు.

"వంటక్కా, నీ బండి వెనకంతా ఖాళీయేగా. మమ్మల్ని షెడ్డు దాకా దింపవూ? వానొచ్చేలా ఉంది."

"వస్తుందంటావా?"

"వస్తది అక్కా. తడిసిపోతాం."

ఖాళీ బిస్కెట్ డబ్బా వాడి చేతుల్లో పెట్టాను.

"ఓటేసుకోండి. ఈసారి లెక్కపెట్టడానికి నేనుండను," అని బండి ముందుకు పోనిచ్చాను.